అవ్వ ముట్టని గోడ

జరిగిందేదో జరిగింది, మరిచిపోవాలి అని చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ మాట ఎప్పుడూ కొట్టినవాళ్ల వైపు మనుషులే చెబుతారు, దెబ్బ తిన్నవాళ్ల నోట నేనింతవరకు వినలేదు. నాకు అరవై రెండేళ్లు. పంతులమ్మగా నాలుగైదు ఊళ్లు తిరిగి రిటైరయ్యాను, రెండు కళ్లకూ శుక్లాలు తీయించుకున్నాను, నిన్న ఏం కూర వండావంటే కాసేపు ఆలోచించుకోవాలి. కానీ శామీర్‌పేట పక్కన మా ఊరి పెద్దపటేలు మా కుక్కను ఎక్కడ నిలబడి కాల్చాడో, ఆ వేళ ఆయన కాళ్లకు ఏ చెప్పులున్నాయో అడగండి, కళ్లు మూసుకుని చెబుతాను. మరవకుండా ఉండటానికి నేను కష్టపడ్డాను కూడా. మరుపు వస్తున్నట్టు అనిపించినప్పుడల్లా ఎవరికీ చెప్పకుండా మొదటి నుంచీ మళ్లీ తలుచుకునేదాన్ని.

అందుకే పోయిన నెల మేడ్చల్‌లో మా ఇంటి ముందు ఓ తెల్లటి పెద్ద కారు ఆగి, అందులోంచి ఆ పెద్దపటేలు కొడుకు రఘుపతి దిగినప్పుడు పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టలేదు. అదే ముక్కు, అదే నడక. తండ్రి పోయాక పొలాలన్నీ ప్లాట్లు చేసి అమ్మాడనీ, ఎన్నికలొస్తే ఫ్లెక్సీల మీద చేతులు జోడించి నిలబడతాడనీ, కొంపల్లిలో విల్లా కొన్నాడనీ వింటూనే ఉన్నాను. ఎదురుపడి మాట్లాడి మాత్రం యాభై ఏళ్లయింది. గేటు బయటే ఆగిపోయాడు. మా వాకిట్లో పడుకునే మూడు వీధికుక్కలు లేచి గుర్రుమన్నాయి. నేను వాటిని అదిలించలేదు.

“అక్కా, గుర్తువట్టినవా?” అన్నాడు. వాళ్ల నాయిన మా అవ్వను ‘ఏమే’, ‘మల్లీ’ అని తప్ప పిలిచి ఎరుగడు. కొడుకుకు నేను అక్కనయ్యాను.

“గుర్తువట్టిన. ఏం పని?” అన్నాను.

కారు వెనక తలుపు తీశాడు. సీటు మీద తువ్వాలు పరిచి ఉంది, దాని మీద బంగారు రంగు బొచ్చుకుక్క ఒకటి తల వాల్చేసి ఉంది. పెద్ద కుక్కే, కానీ పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఆయన దాని చెవి మడత తిప్పి చూపించాడు. లోపల ఆముదపు గింజల్లా ఉబ్బి, వరసగా అంటుకుని ఉన్నాయి గోమార్లు. పుస్తకాల్లో పిడుదులంటారు, మేం గోమార్లంటాం.

“గీటితోనే జరమొచ్చిందక్కా. నెత్తురంత కరాబైందన్నరు. రెండుమాట్ల దవఖానల వెట్టిన, సూదులిచ్చిండ్రు, ఎట్లనో బతికింది. మెడకు పట్టీ గట్టిన, షాంపూలు రుద్దిన, ఈపుమీద సుక్కల మందేసిన. పది దినాలు మంచిగుంటది, మల్ల ఎక్కుతయ్. ఇంకోపారి జరమొస్తే బతుకదన్నడు డాక్టరు.” చెవి మడతను మెల్లగా వదిలాడు. “మీ అవ్వ మందు గావాలె. నీకు తప్ప ఎవ్వలకు రాదంటున్నరు.”

కుక్క కళ్లెత్తి నావైపు చూసింది. నేను దాన్ని చూడదలచుకోలేదు. “మందు తయారుజెయ్యాలె. మూడొద్దులాగి బేస్తారం నాడు రా,” అని లోపలికొచ్చి తలుపేసుకున్నాను. అది అబద్ధం. నూనె సీసా వంటింటి అలమారలో నిండుగా ఉంది. ఈ వీధిలో ఎవరి కుక్కకు గోమార్లు పట్టినా నా దగ్గరికే వస్తారు కాబట్టి ఎప్పుడూ ఉంటుంది. మూడు రోజులు కావలసింది మందుకు కాదు, నాకు.

మా అవ్వ, అంటే మా నాయినను కన్నతల్లి, పేరు మల్లవ్వ. మేం గొర్లు కాసుకునే కురుమలం. రెండు వందల పైచిలుకు గొర్లు, నాలుగు కుక్కలు. పంటలు కోసిన చేలలో రైతులు మా మందను పడుకోబెట్టించుకునేవారు, పొలానికి ఎరువు, మాకు తిండి. మూడు నాలుగు రోజులకొక చేను మారేది మంద. ఇల్లంటూ ఊళ్లో ఒకటి ఉన్నా మా బతుకంతా ఆ తడకల దగ్గరే. పొద్దున లేచేసరికి తడిసిన ఉన్ని వాసన, గొర్రె పెంటికల వాసన, వాటన్నిటి మీద కానుగ నూనె వాసన. ఇప్పటికీ ఎక్కడైనా కానుగ చెట్టు కింద కాయలు నలిగి ఉంటే నాకు ఆకలవుతుంది. ఎందుకంటే అవ్వ ఆ చేతులతోనే జొన్నరొట్టె విరిచి పెట్టేది.

ఆ చేతులు ఎప్పుడు ముట్టుకోవచ్చో ఎప్పుడు ముట్టుకోకూడదో మాకు చిన్నప్పుడే తెలుసు. సీతాఫలాల కాలంలో పిల్లలం ఎన్ని పండ్లు తిన్నా గింజ ఒక్కటి పారేయడానికి వీల్లేదు, అన్నీ చాటలో ఉమ్మాలి. అవి మిద్దె మీద ఎండాక, ఇంట్లో రోట్లో కాకుండా పెరటి గోడ బయట విడిగా పెట్టిన చిన్న రోట్లో దంచేది అవ్వ, ముక్కుకూ మూతికీ గుడ్డ కట్టుకుని. ఆ పొడి కంట్లో పడితే కన్ను పోతుంది. దంచిన పూట బూడిదతో, కుంకుడు రసంతో మోచేతుల దాకా కడుక్కునేది, అయినా మధ్యాహ్నం దాకా మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. “దూరముండుండ్రి. నా సేతులిప్పుడు నాయి గావు,” అనేది. ఆ పొడిని కానుగ నూనెలో వేసి, వేపాకు నలిపి, చిన్న మంట మీద పెట్టి, ఎండలో వారం ఉంచి వడగట్టేది.

ఐతారం, అంటే ఆదివారం, కుక్కల దినం. తల మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కళ్ల మీద తడిగుడ్డ కప్పి, ముందు మెడ చుట్టూ నూనె రాసేది. అలా కంచె కట్టకపోతే గోమార్లన్నీ చెవుల్లోకి పారిపోతాయి. తర్వాత వీపు, కాలివేళ్ల సందులు, తోక కింద. వేళ్లకు బూడిద అద్దుకుని ఒక్కొక్కదాన్నీ నిదానంగా లాగి, పక్కనున్న కుంపట్లో వేసేది. అవి టప్‌మని పేలేవి. చేత్తో నలపనిచ్చేది కాదు, “పొట్ట వల్గితే ఒకటి నూరైతది,” అనేది. గంటాగి పులిసిన సల్లలో పసుపు కలిపి స్నానం. పడుకునే చోట వావిలాకు. మా కుక్కల్లో నా కుక్క కర్రోడు. నల్లటిది, ఎడమ చెవి సగం లేదు, చిన్నప్పుడు నక్క కొరికింది. సల్ల స్నానం కాగానే వాడు నేరుగా నా దగ్గరికొచ్చి ఒళ్లు విదిలించేవాడు. ఐతారం ఐతారం నా లంగా అంతా పుల్లటి వాసనే.

నిజానికి మా కుక్కల మీద అవ్వకు పెద్దగా పని ఉండేది కాదు. ఎందుకని ఓసారి అడిగాను. “మన కుక్కలకు ఇల్లు లేదు బిడ్డా, గందుకే గోమార్లు లెవ్వు. అది నెత్తురు తాగినంక కుక్క మీద ఉండది. దిగి, పక్కన గోడుంటే గోడెక్కుతది. పైకెల్లి సందుల వడి గుడ్లు వెడ్తది. మనం మూడొద్దులకు జాగ మారుస్తం, దానికి గోడేది?” అంది. కుక్క మీద కనబడేవి పావు వంతు, గోడలో ఉండేవి ముప్పావు అని ఆవిడ లెక్క. ఇవాళ్టి డాక్టర్లు కూడా అదే చెబుతున్నారు, కాకపోతే ఎవరూ వినిపించుకోరు.

పెద్దపటేలు అప్పట్లో పట్నం నుంచి ఓ అల్సేషన్‌ను తెచ్చాడు. పేరు టైగర్. దానికోసం బంగ్లాలో తను కూర్చునే పెద్ద హాలు గోడకు ఆనించి రాతితో కొట్టం కట్టించాడు. మా ఇల్లు కంటే అది బాగుండేది. నెల తిరిగేసరికి టైగర్ ఒళ్లంతా గోమార్లు. ఎవరో చెబితే అవ్వను పిలిపించాడు. నేనూ వెంట వెళ్లాను. అవ్వ కుక్క వైపు చూడనే లేదు, తలెత్తి గోడ కప్పును ఆనుకునే చోట చూసింది. చీపురుపుల్లతో ఒక సందు గీకింది. జలజలా రాలాయి. ఆ రోజు టైగర్‌కు చేసింది గంట పనైతే, గోడకు చేసింది రోజంతా. కర్రకు పాతగుడ్డ చుట్టి, నూనెలో ముంచి వెలిగించి, పై నుంచి కిందికి ప్రతి సందులోనూ ఆ మంట తిప్పింది. తర్వాత సున్నం, పేడ, వేపాకు కషాయం కలిపి మెత్తి ఒక్క చీమ దూరే సందు లేకుండా పూడ్చింది. గుడ్లు ఆగి ఆగి పగులుతాయి కాబట్టి వారానికొకసారి చొప్పున మూడు వారాలు. టైగర్ నిగనిగలాడింది. పటేలు ఊరందరికీ చెప్పుకున్నాడు, “మల్లి నూనెల మహత్తున్నది,” అని. ముసలిది రోజంతా నిచ్చెన మీద నిలబడితే ఆయన కంటికి ఆనలేదు. పని మనిషి గోడ మెత్తడం ఆ ఇంట్లో ఎవరు చూస్తారు! ఆ తర్వాత ప్రతి ఐతారం అవ్వ నూనె గురిగితో, సున్నం కుండతో బంగ్లాకు వెళ్లి రావడం మామూలైపోయింది.

వానలు పడ్డాక పటేలు టైగర్‌ను తీసుకుని చెరువవతల తుప్పల్లోకి కౌజుపిట్టల వేటకు వెళ్లాడు. తుప్పల్లో తిరిగిన కుక్కకు గోమార్లు పట్టడంలో వింత లేదు. ఆయనకు మాత్రం తన కుక్కకు వచ్చిన రోగం ఎవరో బీదవాళ్ల కుక్క నుంచే రావాలి. మర్నాడు శనివారం పొద్దున తుపాకీ పట్టుకుని మా మంద దగ్గరికొచ్చాడు. కిర్రుచెప్పుల చప్పుడు ముందు వినబడింది. నాకు పదకొండేళ్లు, ఈనిన గొర్రె దగ్గర పిల్లను పట్టుకుని ఉన్నాను. “గీ ఊరకుక్కలే నా టైగర్‌కు అంటిచ్చినయ్,” అన్నాడు. మిగతా మూడు కుక్కలూ గొర్లతో దూరంగా ఉన్నాయి. కర్రోడు మాత్రం తడక పక్కన ఉన్నాడు. మొరగలేదు, పటేలు ఒంటి మీది టైగర్ వాసన వాడికి అవ్వ చేతుల మీద అలవాటే. తోకాడించాడు. పటేలు తడక ఇవతల, రేగుచెట్టు దగ్గర నిలబడి కాల్చాడు. కర్రోడు అరవలేదు, ఒకసారి గుండ్రంగా తిరిగి రోజూ పడుకునేచోటే పడుకున్నాడు. “రేపు ఐతారం. జల్దీ రాయే మల్లీ, టైగర్‌ను సూడాలె,” అని పటేలు వచ్చిన దారినే పోయాడు.

ఆ రాత్రి మా నాయిన అన్నం ముట్టలేదు. “నువ్వు గా బంగ్లాకు వోతే నా మొకం సూడకవ్వా,” అన్నాడు. తెల్లారి అవ్వ గంప ఎత్తుకుని వెళ్లింది. నేను వెనకే వెళ్లాను, ఆమెను బాగా అసహ్యించుకోవాలని. కర్రోణ్ని పాతిపెట్టిన మట్టి గోళ్లలో ఉండగానే ఆ చేతులతో టైగర్ చెవులు తుడిచింది, మెడకు నూనె రాసింది, సల్ల పోసింది. పటేలు కొడుకు, ఈ రఘుపతి, ఎనిమిదేళ్లవాడు, మెట్టు మీద కూర్చుని బిస్కెట్లు తింటూ చూశాడు. ఆ పూట నేను అవ్వ చేతి రొట్టె తినలేదు. ఆ వారమంతా తినలేదు.

పై ఐతారం గంపలో సున్నం కుండ లేదు. అడిగితే “మర్సిన,” అంది. ఆ పై వారమూ అంతే, “మర్సిన.” మా అవ్వ రెండొందల గొర్లలో ఏ పిల్ల ఏ తల్లిదో మరవని మనిషి. మూడో వారం నాకు తెలిసిపోయింది. దారిలో ఆగి, “అవ్వా, గోడ...” అన్నాను. “నోర్ముయ్,” అంది అవ్వ. అని, ఎన్నడూ లేంది నా తల నిమిరింది. ఆ రోజు మధ్యాహ్నం నాలుగు రొట్టెలు తిన్నాను.

ఎండలు ముదిరేసరికి కొట్టం గోడ నిండింది, ఆ గోడ హాలుదే కదా, హాలూ నిండింది. తెల్లటి సున్నపు గోడల మీద బారులు తీరి పైకెక్కేవట. పటేలు పట్టెమంచం మీద రాలేవి, పంచె మడతల్లో దూరేవి, ఓసారి చెవిలో దూరితే మేడ్చల్ దవఖానాకు పరుగెత్తారు. పనివాళ్లను తిట్టాడు, ఇద్దరిని తరిమేశాడు, రోజుకు రెండుసార్లు ఫినాయిలు పోసి నేల కడిగించాడు. నేల! శత్రువు నెత్తి మీద కూర్చుంటే వాళ్లు కాళ్ల కింద వెతుక్కున్నారు. పంచాయితీలకు వచ్చేవాళ్లు లోపల కూర్చోవడం మానేశారు, “బయటనే మంచిగున్నది పటేలా,” అని ఎండలో నిలబడేవారు. మా వాడలో ఆడవాళ్లు నీళ్ల దగ్గర వీపు గోక్కుని పటేలులా నడిచి చూపించి నవ్వుకునేవారు. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అంటారు, ఇది చెప్పు కనబడకుండా కొట్టిన దెబ్బ. నా జీవితంలో అంత సంతోషంగా గడిచిన ఎండాకాలం లేదు.

అవ్వ మాత్రం నవ్వలేదు. ప్రతి ఐతారం వెళ్లేది, ఇదివరకు గంట పట్టే పనికి మూడు గంటలు కూర్చునేది, టైగర్ ఒంటి మీద ఒక్క గోమారి మిగలకుండా ఏరేది. వాళ్లింట్లో అందరూ ఆ కుక్కను కర్రతో అదిలించడం మొదలుపెట్టారు, ఆమె ఒళ్లో పెట్టుకునేది. దాని మీద నీకెందుకంత ప్రేమ అని కోపంగా అడిగాను. “దీనికేం ఎరుక బిడ్డా? మనోణ్ని ఇది కాల్చిందా? నా పంచాది పటేల్తోని. దీని పాణం నా మీదున్నది,” అంది. పటేలుకు తగలాలి, కుక్కకు తగలకూడదు. తనంత జాగ్రత్తగా ఏరితే అది కుదురుతుందనుకుంది.

కుదరలేదు. ఒకరోజు పట్నం నుంచి ఎవరో పెద్ద ఆఫీసరు బంగ్లాకు వచ్చాడు. హాల్లో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. ఆయన కాలరు మీద నుంచి మెడ మీదికి ఒకటి పాకిందట, ఆయన కప్పు దించి చూసుకుని, లేచి వెళ్లిపోయాడట. ఆ సాయంత్రమే పెద్దపటేలు టైగర్‌ను పెరట్లోకి తీసుకెళ్లి కాల్చేశాడు. ఆ మోత మా మంద దాకా వినబడింది. అవ్వ జొన్నలు చెరుగుతోంది. చాట ఒళ్లోకి దించేసింది. “సూసుకునే కొట్టిన బిడ్డా. అయినా దానికే తగిలింది,” అంది. మర్నాడు సున్నం కుండ ఎత్తుకుని వెళ్లి, కుక్క లేని ఆ కొట్టం గోడనంతా ఒక్కతే మెత్తి వచ్చింది. ఇప్పుడెందుకే అని పటేలు భార్య అడిగితే నిచ్చెన ఇంకో పక్కకు జరుపుకుందట. మళ్లీ ఆ గడప తొక్కలేదు. టైగర్ కోసం నేను ఏడ్చానని రాస్తే బాగుంటుంది, కానీ ఏడవలేదు. ఒకటికి ఒకటి అనుకున్నాను. నా కడుపు అప్పుడు చల్లబడింది, కానీ పూర్తిగా కాదు. ఎందుకంటే పటేలుకు తెలియలేదు. తనకు ఆ అవమానం ఎవరి చేతిలో, దేనికి జరిగిందో తెలియకుండానే ఆయన హాయిగా బతికి, హాయిగా పోయాడు. ఆ ముల్లే యాభై ఏళ్లుగా గుచ్చుకుంటోంది.

ఇప్పుడు మా మంద పడుకున్న చేలలో ఒక్కటీ చేనుగా లేదు. ఒకచోట రింగురోడ్డు, ఒకచోట రిసార్టు, కర్రోణ్ని పాతిపెట్టిన చోట ఏదో వెంచరు కమాను, దాని పక్కన రాళ్లు పాతిన ప్లాట్లు. ఆ ప్లాట్లు కోసి అమ్మింది రఘుపతే. అప్పుడు ఇల్లు లేని కుక్కలు ఆరోగ్యంగా ఉండేవి, ఇప్పుడు ఒక్కో కుక్కకు ఒక్కో గది, దానికి ఏసీ. బహదూర్‌పల్లి నుంచి కూడా నా దగ్గరికి కుక్కల్ని కార్లలో తెస్తారు, చేతుల్లో చంటిపిల్లల్లా ఎత్తుకుని. మేం కుక్కను ఎన్నడూ మంచమెక్కించలేదు, అయినా దాని వేళ్ల సందుల్లో ఏముందో మాకు తెలిసేది. వీళ్లు పక్కలో పడుకోబెట్టుకుంటారు, చెవి మడత తిప్పి చూడరు. నూనె ఇచ్చి అందరికీ ఒకటే చెబుతాను, డాక్టరు మందు ఆపొద్దు, ఇంటికెళ్లి తలెత్తి చూడండి అని. రఘుపతికి మాత్రం ఆ రెండో మాట చెప్పకూడదనుకున్నాను. నూనె ఇస్తాను, మెడకు ఎలా రాయాలో చూపిస్తాను. పది రోజులు కుక్క నిగనిగలాడుతుంది. తర్వాత గోడ తన పని తాను చేస్తుంది. పాపమని మీరు అనుకోవచ్చు. ఆ మూడు రోజులూ నాకూ రెండుమూడుసార్లు అనిపించింది, అప్పుడల్లా రేగుచెట్టు దగ్గర కిర్రుచెప్పులు తలుచుకున్నాను.

బేస్తారం, అదే గురువారం, చెప్పిన వేళకే వచ్చాడు. కుక్కను ఎత్తుకుని వచ్చి మా వరండాలో కింద కూర్చున్నాడు, తెల్ల చొక్కా మాసిపోతుందని కూడా చూసుకోలేదు. నూనె రాసి చూపించాను, ఏరడం నేర్పాను. శ్రద్ధగా చేశాడు. చేస్తూ చేస్తూ తనే మొదలుపెట్టాడు. “మా టైగర్ యాదికొస్తాందక్కా. మా నాయిన నా కండ్లముందట్నే కాల్చిండు. వారమొద్దులు బువ్వ తినలె నేను. ఇంట్ల అందరు దాన్ని కొట్టేటోల్లు, మీ అవ్వ ఒక్కతే ఒళ్లె వెట్టుకునేది. నాకు దేవత లెక్క ఉండె గా ముసలమ్మ.” కళ్లు తుడుచుకున్నాడు. యాభై ఏళ్ల కింద చచ్చిన కుక్క కోసం నా వరండాలో కూర్చుని ఏడుస్తున్నాడు.

“మా కుక్క యాదికున్నదా?” అన్నాను.

“మీకు కుక్కుండెనా?” అన్నాడు. దబాయింపు కాదు, నిజంగానే అడిగాడు.

అంతే, నాకు మూడు రోజుల ఆలోచనా కొట్టుకుపోయింది. తెలియకుండా దెబ్బ తిని పోవడం తండ్రికి చెల్లింది, కొడుక్కి చెల్లనివ్వను అనుకున్నాను. “నీ టైగర్‌ను సంపింది మీ నాయిన తుపాకి గాదు. నీ దేవతనే,” అన్నాను. తల తిప్పి చూశాడు. చెప్పాను. మా కుక్కను వాళ్ల నాయిన ఎలా చంపాడో చెప్పాను. అవ్వ సున్నం కుండ ఎందుకు మరిచిందో చెప్పాను. ఊరికే గోడ వదిలేసింది అంటే ఆయనకు ఏం నొప్పి తెలుస్తుంది? అందుకని గోమారి కుక్క మీద నుంచి ఎప్పుడు దిగుతుందో, ఎంత ఎత్తుకు ఎక్కుతుందో, వెలుతురు పడని ఏ సందుల్లో గుడ్లు పెడుతుందో, మంట ఎలా తిప్పాలో, సున్నంలో పేడ ఎంతో, వేపాకు కషాయం ఎంతో, మూడు వారాలు ఎందుకో, మా అవ్వ చేయగలిగీ చేయకుండా వదిలేసిన ప్రతి పనినీ విడమర్చి చెప్పాను. చెబుతూ ఆయన ముఖాన్నే చూశాను. రంగు మారింది, దవడ బిగిసింది. యాభై ఏళ్లు కాచుకున్న ముఖం అది. కడుపునిండా చూసుకున్నాను.

చెప్పడం అయిపోయాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. పగ తీర్చుకుందామని నోరు తెరిస్తే మందంతా బయటికొచ్చేసింది. ఒకటి చెప్పకుండా రెండోది చెప్పడానికి దారే లేదు. ఆయన కుక్క వీపు మీద చెయ్యేసి కూర్చున్నాడు. లేచి నన్ను నాలుగు మాటలంటాడనీ, తగిన జవాబు సిద్ధంగా ఉందనీ కాచుకుని ఉన్నాను. జేబులోంచి పెన్ను తీశాడు. “సున్నంల పేడ ఎంతన్నవ్?” అన్నాడు. “మూడుకు ఒకటి,” అన్నాను.

మూడు వారాల తర్వాత బస్సెక్కి కొంపల్లి వెళ్లాను. ఎవరూ పిలవలేదు. పటేలు కొడుకు పేడ మెత్తుతుంటే చూడాలనిపించింది, అంతే. గేటు దగ్గర వాచ్‌మన్ ముక్కు మూసుకుని దారి చూపించాడు. వాసనకు తట్టుకోలేక భార్య కూతురి దగ్గరికి వెళ్లిపోయిందట, పక్క విల్లా వాళ్లు అసోసియేషన్లో ఫిర్యాదు పెట్టారట. అవన్నీ వింటూ నిదానంగా, ఆనందంగా లోపలికి నడిచాను. హాలు పైకప్పుకు వేసిన తెల్లటి అట్టలన్నీ పీకి బయట కుప్ప పోసి ఉన్నాయి. అట్టల వెనక, లైట్ల పక్కన, చెక్క పలకల సందుల్లో ఎన్ని దొరికాయో చెప్పలేనన్నాడు వాచ్‌మన్. కుక్క వాకిట్లో ఎండకు పడుకుని ఉంది. నన్ను చూసి లేచి వచ్చి చెయ్యి వాసన చూసింది. వద్దనుకుంటూనే చెవి మడత తిప్పాను. శుభ్రంగా ఉంది.

రఘుపతి నిచ్చెన మీద ఉన్నాడు, ముక్కుకు గుడ్డ కట్టుకుని. మోచేతుల దాకా సున్నం, జుట్టంతా పేడ. పనివాళ్లకు అప్పజెప్పలేదు. నన్ను చూసి గుడ్డ కిందికి లాగాడు. “గిది ఆఖరు వారమక్కా. ఒంటిమీద ఒక్కటి లేదు,” అన్నాడు. తర్వాత, “మీ అవ్వ మీద నాకు కోపమొచ్చింది. రెండొద్దులు నిద్రపట్టలె. ఇంగ ఇప్పుడు సరిపాయెనా మనకు?” అన్నాడు.

“సరిపోలె,” అన్నాను.

ఆయన తలూపాడు. “మీ కుక్క పేరేందక్కా?” అన్నాడు.

“నీకు చెప్ప,” అన్నాను.

గుడ్డ మళ్లీ ముక్కుకు కట్టుకుని గోడ వైపు తిరిగాడు. నేను వెళ్లిపోదామని గుమ్మం దాకా వచ్చి, అలవాటు కొద్దీ తలెత్తి చూశాను. కప్పు మూలలో, ఆయన చెయ్యి అందని చోట, వేలెడంత సందు నల్లగా కనబడుతోంది. చూడనట్టు వచ్చేయొచ్చు. ఎవరికీ తెలియదు. చెప్పులేసుకున్నాను కూడా.

“ఎడమదిక్కు మూల,” అన్నాను, ఆయన వైపు తిరక్కుండానే. “నిచ్చెన జెర గిటు జరుపు.”